ఎఫ్8 వేలికి తగలని ల్యాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: విజయవాడలో మూడు నాలుగు షాపులకు అకౌంట్స్ చూస్తాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ట్యాలీ, ఎక్సెల్, నెల తిరిగితే జీఎస్టీ రిటర్నులు. ఉన్న ల్యాప్‌టాప్ మూలుగుతోంది, ఈసారి మంచిది కొనుక్కుందామని డెల్ ఎక్స్‌పీఎస్ 14, 2024 మోడల్ చూశాను. పాత స్టాక్ అని బాగా తగ్గించి ఇస్తామంటున్నారు. స్క్రీన్, బాడీ చూస్తే మనసు లాగేస్తోంది. కానీ పైవరసలో అసలు కీలే లేవు, నున్నటి పట్టీ మీద లైట్లు వెలుగుతున్నాయి. టచ్‌ప్యాడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా తెలియడం లేదు. షాపతనేమో "రెండ్రోజుల్లో అలవాటైపోతుంది సార్" అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: మీ పని ట్యాలీ అని చెప్పకపోయి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. చెప్పారు కాబట్టి నాన్చకుండా అంటున్నా, ఎంత తగ్గించినా మీకు ఈ మోడల్ వద్దు.

ట్యాలీలో ఎంట్రీలన్నీ పైవరస కీల మీదే కదా నడిచేది. పేమెంట్ ఎఫ్5, రిసీట్ ఎఫ్6, జర్నల్ ఎఫ్7, సేల్స్ ఎఫ్8, పర్చేజ్ ఎఫ్9, తేదీ మార్చాలంటే ఎఫ్2, వెనక్కి రావాలంటే ఎస్కేప్. ఎక్సెల్‌లో సెల్ లోపల దిద్దడానికి మళ్లీ ఎఫ్2, ఫార్ములాలో డాలర్ గుర్తు పెట్టడానికి ఎఫ్4. ఏళ్ల తరబడి ఇవి కొట్టినవాళ్లెవరూ కీబోర్డు వైపు చూడరు, కళ్లు బిల్లు మీద ఉంటాయి, వేలు దానంతటదే పైకెళ్లి ఎఫ్7 పక్కనున్న సందు తగిలించుకుని ఎఫ్8 మీద వాలుతుంది. మీరు చూసిన మోడల్‌లో ఆ సందే లేదు. పైవరస మొత్తం, ఎస్కేప్, డిలీట్‌తో సహా, ఒకే టచ్ పట్టీ. నొక్కితే కిందికి దిగదు, కనీసం చిన్న వైబ్రేషన్ కూడా ఇవ్వదు, కాబట్టి పడిందో లేదో తెలియాలంటే స్క్రీన్ చూడాల్సిందే. పైగా ఏదో ఆలోచిస్తూ వేలు అలా ఆనించారనుకోండి, అది కూడా నొక్కినట్టే లెక్క, సగం కొట్టిన వోచర్ మధ్యలో ఎస్కేప్ తగిలితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

షాపతను చెప్పింది సగం నిజం. టచ్‌ప్యాడ్ సంగతి మాత్రం నిజంగానే అలవాటైపోతుంది, ఎందుకంటే మన వేలు ఎలాగూ స్పేస్‌బార్ కిందకే పోతుంది, హద్దులు కనబడకపోయినా పెద్దగా తేడా రాదు. సందుల్లేకుండా ఒకదానికొకటి అతుక్కున్నట్టుండే ఆ పెద్ద పెద్ద కీలు కూడా కొద్దిరోజుల్లో చేతికి వచ్చేస్తాయి. పైవరస అలా కాదు. వేలికి తగిలేది ఏదైనా ఉంటేనే కదా వేలికి అలవాటయ్యేది! అక్కడ అలవాటయ్యేది ఒక్కటే, ప్రతిసారీ తల దించి చూసుకోవడం.

ఇది నా ఒక్కడి చాదస్తం అనుకోకండి, ఈ ప్రయోగం చేసిన పెద్ద కంపెనీలే వెనక్కి తగ్గాయి. 2014లో లెనోవో తన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లో పైవరస తీసేసి టచ్ పట్టీ పెట్టింది, మరుసటి ఏడాది మోడల్‌కే మామూలు కీలు తెచ్చేసింది. 2016లో యాపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో టచ్ బార్ అని ఆర్భాటంగా తెచ్చింది, 2019లో 16 అంగుళాల మోడల్‌కి ఎస్కేప్ కీని విడిగా ఇచ్చింది, 2021లో కొత్త 14, 16 అంగుళాల మోడళ్లతో పైవరస మొత్తం మామూలు కీలుగా తిరిగొచ్చింది. ఇంత జరిగాక డెల్ 2022లో ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌తో అదే దారి పట్టి, 2024కి 13, 14, 16 మూడింటికీ అంటించింది. 2025లో ఎక్స్‌పీఎస్ అన్న పేరునే తీసేసి పట్టీని మాత్రం ఉంచారు, అదేం తర్కమో! చివరికి 2026 జనవరిలో పేరూ తిరిగొచ్చింది, మామూలు కీలూ తిరిగొచ్చాయి. మీకు తగ్గించి ఇస్తామంటున్నది కంపెనీయే పక్కన పెట్టేసిన డిజైన్ అన్నమాట.

చూపు సరిగా లేనివాళ్లకు ఈ పట్టీ ఇంకా పెద్ద ఇబ్బంది. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు ఇన్‌సర్ట్ కీ, ఫంక్షన్ కీలు ఊతకర్ర లాంటివి, వాటిని తడిమి కనుక్కునే వీలు లేకుండా చేయడం నాకు ఏమాత్రం నచ్చని విషయం.

అయినా మనసు లాగుతోందంటే, ఒక్క లెక్క వేసుకోండి. రోజులో ఎన్ని గంటలు ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద కొడతారు? ఆఫీసులో మానిటర్‌కి తగిలించి, నంబర్ ప్యాడ్ ఉన్న మామూలు కీబోర్డు పెట్టుకుని, ల్యాప్‌టాప్‌ని పక్కన పడేసి పనిచేసే రకమైతే ఈ గొడవ మీది కాదు, తగ్గింపులో వస్తున్న ఆ స్క్రీన్‌నీ ఆ బాడీనీ హాయిగా అనుభవించండి. అలా కాకుండా క్లయింటు షాపులో కౌంటర్ పక్కన కుర్చీ లాక్కుని ఒళ్లో పెట్టుకుని కొట్టేస్తుంటే మాత్రం నా మాట వినండి. సినిమాలు, మెయిళ్లు, వర్డ్‌లో ఉత్తరాలు, వీడియో మీటింగులు మాత్రమే చేసుకునేవాళ్లు పైవరసని రోజుకి ఎన్నిసార్లు తాకుతారు, సౌండ్ పెంచడానికో వెలుతురు తగ్గించడానికో. వాళ్లకి ఇదొక మంచి బేరమే.

ఇప్పటికే కొనేసినవాళ్లు కొందరు ఇది చదువుతూ ఉంటారు, వాళ్లకి రెండు మాటలు. ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఆ పట్టీ మీద సౌండ్, వెలుతురు బొమ్మలు పోయి ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా స్థిరంగా ఉండిపోతాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే అందులో కీబోర్డ్ మేనేజర్ ఉంటుంది, దాంతో ఎవరికీ పనికిరాని క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకోవచ్చు. అంకెల వరసకి ఏదో ఒక కీ జతచేసి ఎఫ్ కీలుగా కూడా మలచుకోవచ్చు గానీ, కుడివైపు ఆల్ట్‌ని మాత్రం వాడకండి, ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్‌తో 4 కొడితేనే ₹ గుర్తు వచ్చేది, అకౌంట్స్ మనిషికి అది పోతే ఎలా. ఇవన్నీ సర్దుబాట్లే. కొత్తగా కొనేవాళ్లు ఇన్ని సర్దుబాట్లు ముందే ఒప్పుకుని అంత డబ్బు పెట్టడం ఎందుకు?

ఇంకో సంగతి, మీరు రాయలేదు గానీ మీ పనికి ముఖ్యమైనది. ఎక్స్‌పీఎస్ 14లో మూడూ టైప్-సి పోర్టులే. మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పాత యూఎస్‌బీ రకం అయి ఉంటుంది, అంటే ఎప్పుడూ సంచిలో ఒక అడాప్టర్ ఉండాలి, రిటర్ను ఆఖరి తేదీ రోజే అది ఇంట్లో మర్చిపోతారు. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లు ఎవరైనా చూపిస్తే ఇంకా జాగ్రత్త. వాటిలో మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ డ్రైవర్లు, అంటే తగిలించిన పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు, మాత్రం ఆ చిప్ కోసం ప్రత్యేకంగా చేసినవే కావాలి, మీ టోకెన్ కంపెనీ అలాంటి డ్రైవర్ ఇస్తోందో లేదో కనుక్కోకుండా డబ్బు కట్టొద్దు.

ఏం కొనాలంటే, థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు రకాలు చూడండి. చూడ్డానికి నల్లగా, బూడిదరంగులో, పెళ్లికి ఆఫీసు చొక్కా వేసుకొచ్చినట్టుంటాయి, కానీ కీబోర్డు బాగుంటుంది. థింక్‌ప్యాడ్ టీ16లో నంబర్ ప్యాడ్ కూడా ఉంటుంది, అదే ఎక్స్‌పీఎస్‌లో 16 అంగుళాలది తీసుకున్నా నంబర్ ప్యాడ్ రాదు. ఎక్స్‌పీఎస్సే కావాలంటే డబ్బు ఎక్కువైనా 2026లో వచ్చిన కొత్తదానికే వెళ్లండి. ఏది కొన్నా షాపులో ఆ మెరుపుల డెమో వీడియో ఆపించి, ఎక్సెల్ తెరిపించి, మానిటర్ మీంచి చూపు తిప్పకుండా ఎఫ్2, ఎఫ్4, ఎస్కేప్ పదిసార్లు కొట్టి చూడండి. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మీది.

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీటెక్‌లో చేరింది. మ్యాక్‌బుక్ కావాలంటోంది. స్క్రీన్ పైన నడిమధ్య నల్లటి గాటులా ఒకటి ఉంది, ఇంత డబ్బు పోసి స్క్రీన్ కోసేసింది కొనడమేంటని మా తమ్ముడు అడ్డం పడుతున్నాడు. ఆ గాటు లేని పాత మోడల్ తీసుకోవాలా?

జవాబు: గాటు గురించి టెన్షన్ పడకండి. దాన్ని నాచ్ అంటారు, అందులో ఉండేది కెమెరా. ముఖం చూసి తాళం తీసే ఫేస్ ఐడీ ఉందేమో అనుకుంటారు చాలామంది, లేదు. మీ తమ్ముడుగారికి ఈ లెక్క చెప్పండి: 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో స్క్రీన్ 3024 అడ్డం, 1964 నిలువు పిక్సెళ్లు. 16:10 నిష్పత్తిలో ఉండే మామూలు స్క్రీన్ అయితే 3024కి నిలువు 1890తో ఆగిపోయేది. పైన ఉన్న 74 పిక్సెళ్ల పట్టీ అదనంగా వచ్చింది, అందులో మధ్య ముక్కని కెమెరా తీసుకుంది. మెనూ ఆ పట్టీలోకి వెళ్లిపోతుంది కాబట్టి పని చేసుకునే జాగా తగ్గలేదు. సినిమా ఫుల్ స్క్రీన్ పెడితే ఆ పట్టీ నల్లగా మారి, గాటు అందులో కలిసిపోతుంది. ఒకే ఒక్క నిజమైన ఇబ్బంది, పైన మెనూలో ఐకాన్లు మరీ ఎక్కువైతే కొన్ని గాటు వెనక్కి పోయి కనబడవు. విద్యార్థులకు అంత అవసరం రాదు.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అమ్మాయి బ్రాంచి ఏంటి? సీఎస్ఈ అయితే మ్యాక్ బాగానే సరిపోతుంది. మెకానికల్, సివిల్ అయితే ఆగండి, ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది గానీ సాలిడ్‌వర్క్స్, కాటియా, యాన్సిస్ లాంటి ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌లో నేరుగా నడవవు. కాలేజీలో రెండో ఏడాదీ మూడో ఏడాదీ చదివే సీనియర్లని అడిగి, ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో కనుక్కుని ఆ తర్వాతే బిల్లు వేయించండి. ఇంకోటి, మ్యాక్‌బుక్‌లో ర్యామ్‌గానీ స్టోరేజీగానీ తర్వాత పెంచుకునే వీల్లేదు, కొన్నరోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. 2024 అక్టోబరు నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కి కూడా 16 జీబీ ర్యామ్ మొదటి మెట్టు అయింది, షాపులో 8 జీబీ పాత స్టాక్ చౌకగా చూపిస్తే తల ఊపొద్దు. ప్రో అక్కర్లేదు, ఎయిర్ చాలు. ఫ్యాన్ ఉండదు కాబట్టి క్లాసులో చప్పుడు కూడా రాదు.

ప్రశ్న: డాలస్‌లో ఉండే మా బావగారు సంక్రాంతికి వస్తూ తన 2017 మ్యాక్‌బుక్ ప్రో తెచ్చిస్తానంటున్నారు. కొత్తదానిలా ఉంది, తక్కువకే ఇస్తానన్నారు. కీబోర్డు కొంచెం అప్పుడప్పుడు ఒకే అక్షరం రెండుసార్లు పడుతుందట, అంతే. తీసుకోనా?

జవాబు: ఊరికే ఇస్తే తీసుకోండి, డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి.

"అంతే" అని మీరు తేల్చేసిన సంగతే అందులో అసలు జబ్బు. 2015 నుంచి 2019 దాకా యాపిల్ వాడిన బటర్‌ఫ్లై కీబోర్డు అది. ల్యాప్‌టాప్ పలచగా ఉండాలన్న పట్టుదలతో కీ కింద జాగా మరీ తగ్గించేశారు, చిన్న నలుసు దూరినా అక్షరం రెండుసార్లు పడటమో అసలు పడకపోవడమో జరిగేది. ల్యాప్‌టాప్‌ని 75 డిగ్రీల వాలులో పట్టుకుని డబ్బాలోంచి గాలి కొట్టండి అని కంపెనీయే అధికారికంగా చెప్పిందంటే ఊహించుకోండి. 2018లో ఉచిత రిపేరు పథకం పెట్టారు, అమెరికాలో కోర్టు కేసు నడిచి 2022లో 5 కోట్ల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. ఆ రిపేరు పథకం వర్తించేది ల్యాప్‌టాప్ మొదట అమ్మిన రోజు నుంచి నాలుగేళ్లే, బావగారిది ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు కీబోర్డు పూర్తిగా మార్చాలంటే పైభాగం మొత్తం, దానికి అతికించిన బ్యాటరీతో సహా మార్చాలి. పైపెచ్చు ఆ మోడల్‌కి మ్యాక్ ఓఎస్ వెంచురా అనే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాతి వెర్షన్లు ఎక్కవు కాబట్టి బ్యాంకు పనులకు దాన్ని వాడమని నేను చెప్పను.

ఊరికే వస్తే మాత్రం పిల్లలకి యూట్యూబ్ పాఠాలు చూపించడానికి ఆ స్క్రీన్ ఇప్పటికీ భేషుగ్గా ఉంటుంది. ఒక యూఎస్‌బీ కీబోర్డు, దాన్ని తగిలించడానికి ఒక టైప్-సి అడాప్టర్ కొనుక్కోండి, ఆ మోడల్‌లో పాత యూఎస్‌బీ పోర్టులు లేవు. వచ్చేటప్పుడు ఛార్జర్ మర్చిపోవద్దని బావగారికి ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టేయండి.