గడువు దాటాక సర్టిఫికెట్ వచ్చిన అభ్యర్థి విషయం

నమస్కారం అండీ. మీ ప్రభుత్వ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టుకు అందరికన్నా మెరుగ్గా కనిపిస్తున్న అమ్మాయి ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద, దరఖాస్తు గడువు ముగిసిన తొమ్మిది రోజుల తర్వాతి తేదీ ఉందని, ఆమెను తప్పించడానికి మనసొప్పడం లేదని రాశారు.

ముందు మార్కుల మెమో తీసి చూడండి. ప్రొవిజనల్ మీద ఉండేది చాలాసార్లు దాన్ని జారీ చేసిన తేదీ మాత్రమే. నోటిఫికేషన్‌లో వేరే మాట లేకపోతే, చూడవలసింది ఫలితాలు వెలువడిన తేదీ. అది గడువులోపే ఉంటే ఆమె అర్హురాలే. విశ్వవిద్యాలయం నుంచి ఆ తేదీకి ధ్రువీకరణ తెప్పించి ఫైల్లో పెట్టండి.

ఫలితాలే గడువు తర్వాత వచ్చి ఉంటే మాత్రం పక్కన పెట్టక తప్పదు, ఎంత ప్రతిభ ఉన్నా సరే. నోటిఫికేషన్ చదివి, 'నాకింకా డిగ్రీ చేతికి రాలేదు కదా' అని దరఖాస్తే చేయకుండా ఆగిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల కాగితాలు మీ బల్ల మీద లేవు కాబట్టి మీకు కనబడరు, అంతే. 1997లో అశోక్ కుమార్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది, గడువు తర్వాత అర్హత వచ్చినవారిని తీసుకుంటే అలా ఆగిపోయినవాళ్లకు జరిగే ఈ అన్యాయాన్నే. నియామకం మొదలయ్యాక, నిబంధనలు అనుమతిస్తే తప్ప, అర్హతలను మధ్యలో మార్చకూడదని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా చెప్పింది.

తిరస్కరిస్తే కారణం స్పష్టంగా రాసి పంపండి. వీలైతే ఆ అమ్మాయికి మీరే ఫోను చేసి, లోపం తేదీలోనే తప్ప తన చదువులో లేదని చెప్పండి.