సినిమా చూసి ఏడిస్తే అది భక్తేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. మా అత్తమ్మ శుక్రవారం శుక్రవారం భద్రకాళి గుడికి పోతుంది, సినిమాల్లో దేవుడు దొరకడు అంటుంది. నేనేమో టీవీలో ‘బలగం’ చూసి వెక్కి వెక్కి ఏడ్చి, భూమి పంచాయితీతో ఏళ్లుగా మాటల్లేని మా తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. ఇది భక్తి కిందికి వస్తుందా, ఉత్త సెంటిమెంటా?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లె, ముందుగా ఫోన్ చేసినందుకు చాలా సంతోషం. అత్తమ్మ గుడికి పోవడం, మీరు సినిమా చూసి కదిలిపోవడం ఒకదానికొకటి అడ్డం కాదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన ఈ 2023 సినిమాలో దేవుడు ప్రత్యక్షమయ్యే సీన్ లేదు, అయినా ఈ మధ్య వచ్చిన ఎన్నో భక్తి సినిమాల కంటే ఇందులోనే ఆధ్యాత్మికత ఎక్కువని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు. ఇంటివాళ్లు దినాలు పద్ధతి ప్రకారమే చేస్తారు, ఆయనకు ఇష్టమైనవన్నీ వండి పెడతారు, కానీ పిట్ట (కాకి) ముట్టదు. మూడో రోజూ అంతే, ఐదో రోజూ అంతే. ఊరంతా చూస్తుంటే ఆ ఇంటికి టెన్షన్ మొదలవుతుంది. పెద్దాయన కోరిక తిండి మీద లేదు, ఎప్పుడో విందులో నల్లి బొక్క (మటన్‌లో మూలగ ఉండే ఎముక) దగ్గర మొదలైన గొడవతో అల్లుడు నారాయణ ఇరవై ఏళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు, కూతురు పుట్టింటికి దూరమైంది, ఆయన ప్రాణం అక్కడ కొట్టుకుంటోంది. కర్మ ఎంత పద్ధతిగా చేసినా బతికున్నవాళ్ల మనసులో పగ ఉంటే పోయినవాళ్లకు శాంతి లేదని ఆ కాకి చేత చెప్పించడం చూడండి, అది మన పెద్దలు నమ్మిన మాటే.

మనవడు సాయిలును కూడా మర్చిపోవద్దు. అప్పులు నెత్తి మీదున్నాయి, కట్నం వస్తే తీర్చుకుందామని చూస్తుంటాడు, తాత చావు ఆ పెళ్లికి అడ్డమొచ్చిందని బాధపడతాడు తప్ప తాత పోయాడని కాదు. అలాంటివాడు చివరికి తాత కోసం ఏడుస్తాడు. దుగ్గొండి ప్రాంతానికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఆఖరి రోజు కథ పాడుతుంటే ఇంటిల్లిపాదీ కరిగిపోతారు. వాళ్లు నటులు కాదు, మన ఊళ్లలో చావింటి ముందు పాడి బతికిన బుడగ జంగాలు, అందుకే ఆ గొంతు అంత సూటిగా తగులుతుంది. (మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.) ఊళ్లలో తెర కట్టి అందరూ కలిసి ఈ సినిమా చూసిన రోజుల్లో, విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయిన వార్తలు కూడా వచ్చాయి.

కానీ ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. ఫోన్ చేశారు, మరి భూమి సంగతేంది? సినిమాలో ఒక్క పాటకు అందరూ కలిసిపోతారు, బయట అట్ల కాదు. తమ్ముడితో కూర్చొని, ఎవరికి ఎంత రావాలో తెగ్గొట్టుకొని, మీ వైపు నుంచి ఏమైనా ఎక్కువ పట్టుకున్నట్టుంటే వదిలెయ్యండి. అప్పుడు మీ ఏడుపును భక్తి అని అత్తమ్మ కూడా ఒప్పుకుంటుంది.

ప్రశ్న: సార్, మాస్ సినిమాల్లో రౌడీ హీరో చివర్లో మంచోడు అవుతాడు కదా, దాన్ని కూడా పాపప్రక్షాళన అనొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: చాలా వాటిలో అనలేం తమ్ముడూ. హీరో రెండున్నర గంటలు నరికి, ఆఖర్లో గుడి మెట్ల మీద దండం పెట్టి నవ్వితే అతను పోగొట్టుకున్నదేంటి? నేను చూసేది అదొక్కటే, మారినవాడు ఏం తిరిగిచ్చాడు, ఏం వదులుకున్నాడు. క్రిష్ తీసిన ‘వేదం’ (2010) చూడు. మన సిరిసిల్ల చేనేత కార్మికుడు రాములు, అప్పు కింద పట్టుకుపోయిన మనవడిని విడిపించుకోవడానికి కోడలిని తీసుకొని హైదరాబాద్ పోతాడు, కిడ్నీ అమ్మి తెచ్చుకున్న ఆ డబ్బును హీరో కేబుల్ రాజు కొట్టేస్తాడు. ఎందుకంటే పెద్దింటి గర్ల్‌ఫ్రెండ్‌తో న్యూ ఇయర్ పార్టీకి పాస్ కొనాలి! తర్వాత ఉండబట్టలేక వెనక్కి వచ్చి డబ్బు ఇచ్చేసి ఏడుస్తాడు. చివర్లో టెర్రరిస్టుల నుంచి జనాన్ని కాపాడుతూ చనిపోతాడు, అందరూ ఆ సీనే గుర్తుపెట్టుకున్నారు, నాకు మాత్రం డబ్బు తిరిగిచ్చిన సీన్ దాని కంటే పెద్దది. అప్పుడతనికి చప్పట్లు లేవు, ఎదురుగా తాను దోచుకున్న మనుషులున్నారు, వాళ్ల కళ్లలోకి చూడాలి.

ప్రశ్న: పాత పౌరాణికాలు ఈ కాలం పిల్లలకు ఎక్కుతాయా? మాది ధర్మపురి, ఆదివారం పిల్లలతో భజన చేయిస్తుంటాం.
– భజన మండలి సభ్యుడు

జవాబు: ఎక్కుతాయన్నా, కాకపోతే మీరు పక్కన ఉండాలి. ‘పాండురంగ మహత్యం’ (1957) తో మొదలుపెట్టండి. ఎన్టీఆర్ వేసిన పుండరీకుడు విలాసాల్లో పడి తల్లిదండ్రులను ఇంట్లోంచి పంపేస్తాడు, కాళ్లు పోయాక పాకుతూ ‘అమ్మా’ అని పాటలో పిలుస్తాడు. ఆ పాట దగ్గర ఆపి, అమ్మానాన్నలు ఇతన్ని క్షమించాలా వద్దా అని పిల్లలను అడగండి, మీరేం చెప్పకండి, వాళ్లనే వాదించుకోనివ్వండి. సినిమా పొడుగు కాబట్టి రెండు ఆదివారాలకు పంచితే మంచిది.