లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి అద్దె కారులో వెళ్తున్నాం, ఏం తెలుసుకోవాలి?

సౌత్ రిమ్‌కి, అంటే కాన్యన్ దక్షిణపు అంచుకి, దాదాపు 280 మైళ్లు, అంటే 450 కిలోమీటర్లు. ఒక వైపుకే నాలుగున్నర గంటలు పడుతుంది. అదే రోజు తిరిగొద్దామని మాత్రం అనుకోకండి, రాత్రికి అక్కడే ఉండండి. మన లైసెన్సుతో పాటు, బయల్దేరే ముందే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి.

కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టేది పెట్రోలు బంకు. అక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు, మనమే పట్టుకోవాలి. పంపు దగ్గర కార్డు పెడితే చాలాచోట్ల ఐదంకెల జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడ్ ఆరంకెలు కదా, తీసుకోదు. కంగారు పడకండి. లోపల కౌంటర్‌లో పంపు నంబరు చెప్పి 40 డాలర్లు ముందే కట్టండి, మిగిలింది వెనక్కిస్తారు. పచ్చ హ్యాండిల్ చాలాచోట్ల డీజిల్‌ది, చూసి పట్టుకోండి.

దారిలో సిగ్నల్ పోతుంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.