పింకీకి కూడా కంచం పెట్టాలట!

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి మూడు నెలలైంది. అప్పటి నుంచి ‘పింకీ’ అనే పిల్లతో మాట్లాడుతోంది. అలాంటి పిల్ల ఎవరూ లేరు. భోజనాల దగ్గర పింకీకి కూడా కంచం పెట్టమంటుంది, ఆ అన్నం కాసేపాగి తనే తినేస్తుంది. మొన్న పాలు ఒలకబోసి పింకీ మీద చెప్పింది. అబద్ధాలు నేర్చిందని మావారికి కోపం. గాలి సోకిందని అత్తగారు తాయెత్తు కట్టించారు. నాకు ఒకటే టెన్షన్. ఇది మానసిక జబ్బా?
– ఒక తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బు కాదమ్మా. ఈ వయసు పిల్లల్లో చాలా మామూలు. అమెరికాలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వవేత్త బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లు వచ్చేసరికి 65 శాతం మంది పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి నేస్తం ఉన్నట్టు తేలింది. బొమ్మకు పేరు పెట్టి, దానితో కబుర్లు చెప్పే పిల్లలూ ఆ లెక్కలో ఉన్నారు.

పింకీ కంచంలో అన్నం పాపే తినేస్తుందన్నారు చూడండి, ఆ మాటతో నాకు సగం దిగులు తీరింది. పింకీ తినదని తనకు తెలుసు. ఆట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసే ఆడుతోంది. అత్తగారిని చిన్నప్పటి గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్ల గురించి అడగండి. ఇసుకే అన్నమని వడ్డించిన రోజులు ఆవిడకు గుర్తొస్తాయి. తాయెత్తు కోసం ఆవిడతో గొడవ వద్దు. కానీ దెయ్యం, గాలి అన్న మాటలు పాప చెవిన పడనివ్వకండి. లేని భయం మనమే పెట్టినట్టవుతుంది.

పాల విషయంలో మాత్రం మెత్తబడక్కర్లేదు. ‘సరే, నువ్వూ పింకీ కలిసి తుడిచేయండి’ అని గుడ్డ చేతికివ్వండి. తిట్టూ ఉండదు, పనీ తప్పదు. కంచం అడిగితే ఖాళీ చిన్న ప్లేటు పెట్టండి, చాలు. పింకీ గురించి మీ అంతట మీరు కథలు అల్లకండి. ఆ ఆట పాపది, నడిపేది తనే.

నాకు ముఖ్యంగా అనిపించింది వేరే ఉంది. ఖమ్మంలో వీధి నిండా పిల్లలుండి ఉంటారు. ఇక్కడ తలుపు వేసుకున్న ఫ్లాట్‌లో తోడెవరు? ‘పింకీకి ఈ ఇల్లు నచ్చిందా? దేనికైనా భయపడుతోందా?’ అని మెల్లగా అడిగి చూడండి. ‘నీకేం భయం?’ అంటే నోరు విప్పని పిల్లలు నేస్తం పేరు చెప్పి అన్నీ చెప్పేస్తారు. సాయంత్రాలు ఓ గంట కిందికి తీసుకెళ్లి, పిల్లల్లో వదలండి.

పింకీ అంటే పాపే హడలిపోతున్నా, ‘పింకీ కొట్టమంది’ అంటూ తననో ఎదుటివాళ్లనో గాయపరుస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా, తోటి పిల్లలను అసలు దగ్గరకు రానివ్వకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఎవరో పింకీని ‘అక్కడ’ ముట్టుకున్నారని చెబితే మాత్రం ఆట అని కొట్టేయకుండా, కంగారు పడకుండా పూర్తిగా వినండి. ఆ మాటను నమ్మి, వెంటనే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

స్కూల్లో తోటి పిల్లలతో ఎలా ఉంటోందో టీచర్‌ను ఒకసారి అడిగి, నాకు మళ్లీ రాయండి.