‘30 రోజులు దాటినవి తీసెయ్’ అని కంప్యూటర్‌కు చెప్పేముందు

హిమాయత్‌నగర్‌లో అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్న ఒక పాఠకుడి ప్రశ్న: ‘రోజూ రాత్రి బ్యాకప్ ఆ రోజు తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో పడుతుంది. డిస్క్ నిండిపోతోంది. 30 రోజులు దాటిన ఫోల్డర్లను డిలీట్ చేసే బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైల్) నెట్‌లో దొరికితే పెట్టుకున్నాం. కొన్ని పాత ఫోల్డర్లు ఎన్నిసార్లు రన్ చేసినా పోవడం లేదు. చెప్పిన టైమ్‌కు ప్రోగ్రామ్‌ను దానంతటదే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే అసలేమీ జరగడం లేదు. మా అబ్బాయి అమీర్‌పేటలో పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. వాడితో రాయించమంటారా?’

రాయించండి. నెట్‌లో దొరికిన ఆ ఫైల్‌ను మాత్రం ఈరోజే షెడ్యూలర్‌లోంచి తీసేయండి.

ఇదే ఫిర్యాదు పెళ్లి ఫొటోల స్టూడియోల నుంచి, స్కానింగ్ సెంటర్ల నుంచి, సీసీ కెమెరాల బాధ్యత నెత్తిన పడ్డ అపార్ట్‌మెంట్ సెక్రటరీల నుంచి వస్తూనే ఉంది. అందరూ వాడేది దాదాపు ఒకే రకం స్క్రిప్ట్, అంటే ఇలాంటి బ్యాచ్ ఫైలే. అందులో ‘ఫర్‌ఫైల్స్’ కమాండ్ ఉంటుంది. అది ఫోల్డర్ పేరు చూడదు, ఫోల్డర్ చివరిసారి ఎప్పుడు మారిందో చూస్తుంది. జనవరి నాటి ఫోల్డర్‌లో ఉన్న ఎక్సెల్ ఫైల్‌ను మీ స్టాఫ్ ఒకసారి తెరిచారనుకోండి. ఎక్సెల్ అదే ఫోల్డర్‌లో కంటికి కనపడని తాత్కాలిక ఫైల్ ఒకటి పెట్టి, మూసేటప్పుడు తీసేస్తుంది. దాంతో ఆ ఫోల్డర్ తేదీ ఈరోజుకు మారిపోతుంది, మళ్లీ నెల రోజులు దానికి ఢోకా లేదు. సికింద్రాబాద్ సీటీసీలో కొత్త హార్డ్ డిస్క్ కొని పాతవన్నీ అందులోకి కాపీ చేసినా ఇంతే, అన్ని ఫోల్డర్లూ ఆరోజే పుట్టినట్టు కనిపిస్తాయి. ఫోల్డర్ పేరులోనే తేదీ ఉండగా ఇంకో తేదీని నమ్మడమెందుకు?

కాబట్టి అబ్బాయి రాసే ప్రోగ్రామ్ పేరునే చదవాలి. ముందుగా సంవత్సరం, నెల, రోజు, ఆ వరసలో 2025-03-05 అన్నట్టు పేర్లు పెట్టించండి. 05-03-2025 అని ఉంటే మనకు మార్చి 5, అమెరికా సెట్టింగ్స్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు మే 3. పేరు అచ్చంగా ఆ పద్ధతిలో లేకపోతే ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోకూడదు. పైథాన్‌లో తేదీని చదివే ఫంక్షన్ కాస్త ఉదారంగా ఉంటుంది, 2025-3-5 అన్నా సరే అంటుంది. చదివిన తేదీని మళ్లీ అక్షరాల్లోకి మార్చి, అసలు పేరుతో సరిపోలితేనే ముందుకెళ్లమనండి. లోపలికి దూరి వెతకొద్దు, ఒక్క మెట్టు దాకానే చూడాలి. ఫోల్డర్‌లా కనిపిస్తూ వేరే చోటికి దారితీసే లింకుల జోలికి పోవద్దు. మామూలుగా రన్ చేస్తే ఏవి పోతాయో జాబితా మాత్రమే చూపాలి. నిజంగా డిలీట్ చేయాలంటే దానికి వేరే ఆప్షన్ టైప్ చేయాల్సి రావాలి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పుట్టించే సంగతి. షెడ్యూలర్‌లో ఏమీ జరగడం లేదన్నారు. అలా అయినప్పుడు అందరూ చేసే పని ‘హైయెస్ట్ ప్రివిలేజెస్’ అన్న బాక్స్‌లో టిక్ పెట్టడం. మీరూ పెట్టే ఉంటారు. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. మీకు కనిపించే జెడ్ డ్రైవ్ లాంటి నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఆ టాస్క్‌కు కనిపించవు, అంతే. టిక్ పెడితే అవి కనిపించవు సరికదా, ఆ స్క్రిప్ట్‌కు అడ్మిన్ అధికారాలు చేతికొస్తాయి. ఏ ఫోల్డర్‌లో మొదలవ్వాలో చెప్పకపోతే షెడ్యూల్ చేసిన టాస్క్ విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడి మొదలవుతుంది. స్క్రిప్ట్ మొదటి లైన్లో బ్యాకప్ ఫోల్డర్‌కు వెళ్లమనే ‘సీడీ’ కమాండ్ ఉంటుంది. బ్యాకప్ వేరే డ్రైవ్‌లో ఉంటే, పక్కన స్లాష్ డి తగిలించకపోతే, సీడీ ఆ డ్రైవ్‌కు వెళ్లదు, వెళ్లలేదని గట్టిగా చెప్పదు కూడా. రెండో లైన్లో ‘పాతవి డిలీట్ చెయ్’ అని ఉంటుంది. ఎక్కడివి? తను నిలబడ్డ చోటివి! కొన్ని సిస్టమ్ ఫైళ్లకు విండోస్ కాపలా ఉంటుంది కానీ, అన్నింటికీ ఉండదు. కమాండ్‌తో డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌కూ పోవు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఆ బ్యాచ్ ఫైల్ ఎక్కడుందన్నది. తొంభై శాతం ఆఫీసుల్లో అని అనేయాలనిపిస్తుంది గానీ, లెక్క నా దగ్గర లేదు. నాకు ఉత్తరం రాసేవాళ్లలో చాలామంది దాన్ని అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్‌లోనే పెడతారు. రిసెప్షన్ కంప్యూటర్‌లోకి ఓ వైరస్ చొరబడి ఆ ఫైల్‌కు ఒక్క లైన్ కలిపితే చాలు, ఆ రాత్రికి అది అడ్మిన్ హోదాలో రన్ అవుతుంది. మీరే టైమ్ కూడా పెట్టిచ్చారు. ప్రోగ్రామ్‌ను మామూలు యూజర్లు మార్చలేని చోట పెట్టండి. బ్యాకప్ ఫోల్డర్ మీద తప్ప ఇంకెక్కడా హక్కుల్లేని ఒక అకౌంట్‌తో నడపండి. డ్రైవ్ పేరుతో సహా బ్యాకప్ ఫోల్డర్ పూర్తి చిరునామా ఇవ్వకపోతే ప్రోగ్రామ్ మొరాయించాలి.

చిన్న ఆఫీసులోనే ఇలాంటివి జరుగుతాయనుకోవద్దు. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో 10 రోజులు దాటిన లాగ్ ఫైళ్లను (ఏం జరిగిందో కంప్యూటర్ రాసిపెట్టుకునే ఫైళ్లు) తీసేయాల్సిన స్క్రిప్ట్, పరిశోధకుల ఫైళ్లను తీసేసింది. దాదాపు 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. స్క్రిప్ట్ నడుస్తుండగానే దాని మీద కొత్త వెర్షన్ కాపీ చేశారు. స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోటు (వేరియబుల్) ఖాళీ అయింది, మిగతా పని డిలీట్ కమాండ్ చూసుకుంది.

గడియారం సంగతి కూడా చూడండి. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి, కరెంట్ పోయి వచ్చాక కంప్యూటర్ ఏళ్ల వెనక్కి వెళ్లిపోవడం మామూలే. ఆ రాత్రి బ్యాకప్ పాత తేదీతో పడుతుంది, గడియారం సరిచేసిన మర్నాడు మీ ప్రోగ్రామ్ అందరికంటే ముందు దాన్నే పట్టుకుంటుంది. గడియారం ముందుకు దూకితే అన్నీ పాతవే అయిపోతాయి. అందుకని వయసుతో పనిలేకుండా చివరి పది ఫోల్డర్లను ఎప్పుడూ వదిలేయమని రాయించండి. ఒకే రాత్రి మామూలు కంటే ఎక్కువ ఫోల్డర్లు డిలీట్‌కు వస్తే ఏదీ ముట్టుకోకుండా ఆగిపోవాలి.

అసలు ఇదంతా మీ అబ్బాయి ఎందుకు రాయాలి? రోజూ ఫోల్డర్ పుట్టించే సాఫ్ట్‌వేర్‌కు ‘చివరి 30 ఉంచు’ అనే సెట్టింగ్ పెట్టడం ఎంత పని? వేలకు వేలు తీసుకుని ప్రతి ఏడాదీ రెన్యువల్ అడుగుతారు, ఐకాన్ల రంగులు మారుస్తారు, హోమ్ స్క్రీన్ మీద ఆఫర్ బ్యానర్ తెస్తారు. డిస్క్ నిండిందని ఎర్ర అక్షరాల్లో చెప్పడం వాళ్లకు తెలుసు, నింపింది తామేనన్న సంగతి గుర్తుండదు. కెమెరా రికార్డర్లలో పాతది చెరిపేసి కొత్తది రాసుకునే సదుపాయం ఎప్పటి నుంచో ఉంది. అకౌంట్ల బ్యాకప్‌కు వచ్చేసరికి అది ఇంకా ‘కస్టమైజేషన్’, చార్జీ వేరే.

మరో మాట. మీది అకౌంట్స్ ఆఫీసు కాబట్టి 30 రోజుల లెక్క అన్నింటికీ పనికిరాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలు, రికార్డులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. మీ క్లయింట్లలో కంపెనీలుంటే కంపెనీల చట్టం 8 ఆర్థిక సంవత్సరాలు అంటుంది. నెలాఖరు ఫోల్డర్లను, ముఖ్యంగా మార్చి 31 నాటి వాటిని ప్రోగ్రామ్ మినహాయించాలి. వాటి కాపీ ఒకటి, వాడనప్పుడు కేబుల్ పీకేసి ఉంచే డిస్క్‌లో పెట్టుకోండి.

ప్రోగ్రామ్ రాశాక రెండు వారాలు డిలీట్ ఆప్షన్ లేకుండా, జాబితా మాత్రమే లాగ్ ఫైల్‌లో పడేలా రాత్రిళ్లు నడిపించండి. పొద్దున్నే ఆ లాగ్ చదవాల్సింది రాసిన అబ్బాయి కాదు, మీరు. ఏ ఫోల్డర్‌లో ఎవరి లెక్కలున్నాయో తెలిసింది మీకే కదా.