మీ ప్రశ్నలు – మా జవాబులు: కళాఖండాలు ఇవ్వడమెలా?

ప్రశ్న: మా అమ్మాయి కేంబ్రిడ్జిలో చదువుతోంది. అక్కడి యూనివర్సిటీ వారి ఫిట్జ్‌విలియం మ్యూజియం, దాత ఇచ్చిన పాత చేతిరాత గ్రంథాలను గడప దాటనివ్వదట. ఎందుకని?

జవాబు: దాత వీలునామా అలా ఉంది. ఆ దాత ఏడవ వైకౌంట్ (బ్రిటిష్ ప్రభువుల బిరుదు) ఫిట్జ్‌విలియం రిచర్డ్. ఆయన ఆ యూనివర్సిటీలోనే, ట్రినిటీ హాల్‌లో చదివారు. 1816లో పోయేటప్పుడు 144 చిత్రాలు, తన గ్రంథాలయం రాసిచ్చారు. అంతటితో ఆగలేదు. లక్ష పౌండ్ల పెట్టుబడి కూడా ఇచ్చి, దాని రాబడితో మ్యూజియం కట్టమన్నారు. మేం మెచ్చుకునేది ముఖ్యంగా ఈ ముందుచూపునే. అయినా భవనం తలుపులు తెరుచుకునేసరికి 1848 వచ్చింది. పునాది పడింది 1837లో. వాస్తుశిల్పి బసెవి 1845లో ఈలీ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో పైనుంచి పడి చనిపోతే పనిని మరో వాస్తుశిల్పి కాకరెల్ అందుకున్నారు. అంతదాకా బొమ్మలు మొదట పెర్స్ స్కూల్లో, ఆ తర్వాత యూనివర్సిటీ గదుల్లో తలదాచుకున్నాయి.

మీ అమ్మాయిని ఇటలీ చిత్రకారుడు టిషన్ గీసిన వీనస్ (రోమన్ల ప్రేమదేవత) చిత్రం తప్పక చూడమనండి. అదీ ఫిట్జ్‌విలియం ఇచ్చిందే. వీనస్ చేతిలో పిల్లనగ్రోవి, ఆమె తల మీద పూలదండ పెడుతున్న బాల మన్మథుడు క్యూపిడ్, వీణలాంటి ల్యూట్ వాయిస్తూనే ఆమె వైపు తిరిగి చూసే యువకుడు. ప్రవేశం ఉచితం.

ప్రశ్న: మా తాతగారు సేకరించిన చిత్రపటాలు, తాళపత్రాలు యూనివర్సిటీకి ఇద్దామనుకుంటున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు జాబితా రాయండి. ఒక్కోదానికీ నంబరు, సెంటీమీటర్లలో కొలత, ఎక్కడ దొరికిందో ఒక ముక్క. ఫొటో రెండు వైపులా తీయాలి, ఎందుకంటే పటం వెనకున్న సంతకం, కొట్టు చీటీ ముందున్న బొమ్మంత విలువైనవి. నంబరును బొమ్మ మీద మాత్రం రాయకండి.

చిరుగులకు సెలోటేప్ అంటించవద్దు, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకిపోతుంది. లామినేషన్ వద్దేవద్దు, ఒకసారి చేస్తే విడదీయడం దాదాపు అసాధ్యం. ఫ్రేము వెనక నాసిరకం అట్ట ఉంటే దాని ఆమ్లం వల్ల అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కుతాయి. నీటిరంగుల బొమ్మల మీద వెలుగు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకూడదు. వెలిసిన రంగు తిరిగి రాదు.

1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన చిత్రాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువులే. ఆ చట్టం కింద నమోదు చేయించి ఉంటే, చేతులు మారినప్పుడు నమోదు అధికారికి తెలియజేయాలి.

దానపత్రం రిజిస్టర్ చేయించండి, జాబితాను దానికి జతచేయండి. అదే వీలునామా అయితే ఇద్దరు సాక్షులు ఉండాలి. షరతులు రెండు మూడు చాలు: అమ్మకూడదు, విడదీయకూడదు, ఏడాదికోసారి జాబితాతో సరిచూడాలి. బయటికి పంపకూడదన్న షరతు మాత్రం ఆలోచించి పెట్టండి. దానివల్ల వస్తువు భద్రమే, కానీ దూరాన ఉన్నవాళ్లు ఎప్పటికీ చూడలేరు. వీలైతే కొంత డిపాజిట్ కూడా ఇచ్చి, వడ్డీ బీరువాలకు, మరమ్మతులకే వాడాలని రాయండి. సేకరణను ఉంచిన యూనివర్సిటీ విభాగం మూతపడితే సేకరణ ఏ సంస్థకు చేరాలో కూడా అందులోనే పేరు పెట్టి రాయాలి.