మళ్లీ ఆడినా పాత ఛాయిసులేనా? డ్రాగన్ ఏజ్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్ అంటే నాకు ప్రాణం, కాలేజీలో ఉన్నప్పుడే మూడుసార్లు పూర్తి చేశా. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే ఏ ఛాయిస్‌కి ఏమవుతుందో అన్నీ గుర్తున్నాయి, డ్వార్ఫ్‌ల (మరుగుజ్జుల) నగరం ఓర్జమ్మార్‌లో సింహాసనం కోసం పోటీపడే ఇద్దరిలో బేలెన్‌ని రాజుని చేస్తే చివరికి మంచిదని తెలుసు కాబట్టి చేసేస్తా, అంతే, లెక్క చూసుకుని నొక్కుతున్నట్టుంది. ఆ పాత ఫీల్ మళ్లీ ఎలా వస్తుంది? (ఒక పాఠకురాలు)

జవాబు: ఏ ఆరిజిన్‌తో, అంటే మీ పాత్రకి ఏ పుట్టుక కథతో, ఆడుతున్నారో మీరు రాయలేదు, కానీ మూడుసార్లూ ఒకటే అయ్యుంటుందని నా అనుమానం. 2009లో బయోవేర్ ఈ గేమ్ తెచ్చినప్పుడు ఆరు ఆరిజిన్స్ ఇచ్చింది, అందరూ చివరికి గ్రే వార్డెన్స్ అనే యోధులే అవుతారు కదా అని చాలామంది వాటిని మొదటి గంట ముచ్చటగా తీసిపారేస్తారు, అది చాలా తప్పు.

మీరు చెప్పిన బేలెన్ సంగతే చూడండి. బయటివాళ్లుగా వెళ్తే ఆ గొడవ మీది కాదు, బేలెన్ మోసగాడు, పోటీలో ఉన్న ఇంకొకాయన హారోమాంట్ పెద్దమనిషి, ఎండింగ్‌లో మాత్రం తిరగబడుతుంది, మోసగాడు కులంలేనివాళ్లకి కాస్త దారి ఇస్తాడు, పైలోకంతో వ్యాపారం పెంచుతాడు, పెద్దమనిషేమో తలుపులు మూసేసి కులం కట్టుబాట్లు ఇంకా బిగిస్తాడు. ఇప్పుడు రాజకుటుంబంలో పుట్టిన డ్వార్ఫ్ నోబుల్‌గా మొదలుపెట్టండి. బేలెన్ మీ సొంత తమ్ముడు, అన్న ట్రయన్ చావులో మిమ్మల్ని ఇరికించి డీప్ రోడ్స్ అనే రాక్షసుల సొరంగాల్లోకి తోయించింది వాడే, మీరు తిరిగొచ్చేసరికి నాన్న ఉండడు. వాడి నెత్తిన కిరీటం పెట్టగలరా? నాకు చెయ్యి రాలేదండీ. ఎండింగ్ మొత్తం తెలిసి కూడా హారోమాంట్‌కే ఇచ్చా, ఇచ్చాక ఆ కులంలేనివాళ్ల వీధి డస్ట్ టౌన్‌లోంచి నడుస్తుంటే వాళ్ల మొహాల మీద కులం లేదని గుర్తుగా వేసిన పచ్చబొట్లు చూడలేకపోయా, ఎందుకంటే నా పగ కోసం వాళ్లని అమ్మేశానని నాకు తెలుసు. మొదటిసారి ఆడినప్పుడు ఈ బాధ లేదు, తెలియడం వల్లే వచ్చింది.

తర్వాత కులంలేనివాళ్లలో పుట్టిన డ్వార్ఫ్ కామనర్‌తో వెళ్లండి. ఆ పచ్చబొట్టు మీ మొహం మీదే ఉంటుంది, మీ అక్క రీకా బేలెన్ బిడ్డకి తల్లయ్యి రాజభవనంలో ఉంటుంది. అదే సింహాసనం, అదే ఇద్దరు మనుషులు, కానీ ఈసారి హారోమాంట్‌ని ఎంచుకుంటే మీ అక్క గతేంటి? అందుకే ముందు ఆరిజిన్ మార్చండి, ఆ మనిషి దేన్ని క్షమించదో ఒక్కటి మనసులో గట్టిగా అనుకుని మొదలుపెట్టండి, సేవ్ లోడ్ చేసి వెనక్కి వెళ్లొద్దు.

ప్రశ్న: కొత్త కంప్యూటర్‌లో ఈ గేమ్ గంటకోసారి క్రాష్ అవుతోంది, ఏం చెయ్యాలి?

జవాబు: ఇది 32 బిట్ గేమ్, ఎంత ర్యామ్ ఉన్నా మామూలుగా 2 జీబీకి మించి వాడుకోలేదు. గేమ్ ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌కి ఇంకా ఎక్కువ ర్యామ్ వాడుకోనిచ్చే 4 జీబీ ప్యాచ్ వెయ్యండి, ముందు ఆ ఫైల్ కాపీ ఒకటి దాచుకోండి. లోడింగ్ స్క్రీన్లు సాగుతున్నాయనిపిస్తే సేవ్ చేసి గేమ్ మూసి మళ్లీ తెరవండి.

ప్రశ్న: రెడ్‌క్లిఫ్‌లో దెయ్యం పట్టిన పిల్లాడు కానర్‌ని చంపక్కర్లేదు, వాళ్లమ్మ ఇసోల్డ్‌ని బలివ్వక్కర్లేదు, సర్కిల్ టవర్ నుంచి మేజ్‌లని, అంటే మాంత్రికులని, తెచ్చుకుంటే ఇద్దరూ బతుకుతారు. మరి ఇందులో ఛాయిస్ ఎక్కడుంది?

జవాబు: మీరన్నది నిజమే, నాకు ఈ గేమ్‌లో నచ్చనిది ఇదొక్కటే. అంత దూరం వెళ్లొచ్చేలోపు కోటలో ఏమైనా జరిగి ఉండాల్సింది, కానీ ఏమీ జరగదు. అయితే ఒక పని చెయ్యండి, రెడ్‌క్లిఫ్‌కి ముందే సర్కిల్ టవర్‌కి వెళ్లి అక్కడ మేజ్‌లకి కాపలా ఉండే టెంప్లర్ల మాట విని వాళ్లని చంపెయ్యనివ్వండి. అప్పుడు మీకు సాయం రావడానికి ఒక్క మేజ్ కూడా మిగలడు, తల్లో బిడ్డో మీరే తేల్చాలి, తేల్చాక క్యాంప్‌కి వస్తే ఆ కోటలోనే పెరిగిన మీ సహచరుడు అలిస్టర్ మీ ముందుకొచ్చి ఎందుకిలా చేశావని నిలదీస్తాడు.